‘తినియున్నాను’ అని ఎవరంటారు?

మనలో చాలామంది స్కూల్లోనో ట్యూషన్‌లోనో ఒక పట్టిక చూసే ఉంటారు. మూడు కాలాలు, ఒక్కో కాలానికి నాలుగు రూపాలు, మొత్తం పన్నెండు గళ్లు. ప్రతి గడిలో ఒక ఇంగ్లీష్ వాక్యం, దాని కింద తెలుగు అర్థం. ‘ఐ ఈట్’ కింద ‘నేను తింటాను’. ‘ఐ యామ్ ఈటింగ్’ కింద ‘నేను తింటున్నాను’. ఇంతవరకు ఇబ్బంది లేదు. మూడో గడిలో ‘ఐ హ్యావ్ ఈటెన్’ ఉంటుంది. దాని కింద ‘నేను తినియున్నాను’. నాలుగో గడిలో ‘ఐ హ్యావ్ బీన్ ఈటింగ్’. దాని కింద ‘నేను తినుచూ ఉండియున్నాను’.

నా పందొమ్మిదేళ్లలో ‘తినియున్నాను’ అన్న మనిషిని ఒక్కరిని కూడా చూడలేదు. కృష్ణా, గుంటూరు వైపు ‘తిన్నాను’ అంటారు. తెలంగాణ ఫ్రెండ్స్ ‘తిన్న’ అంటారు. మా సీమ బ్యాచ్ ‘తింటి’ అంటారు. ‘యున్నాను’ అనే రూపం పాత పుస్తకాల్లో, దస్తావేజుల్లో కనిపిస్తుంది, కాదనను. కానీ మెస్‌లో ఎవరైనా ‘నేను తినియున్నాను’ అంటే పక్కవాళ్లు ఒంట్లో బాగుందా అని అడుగుతారు.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తా. ‘హ్యావ్ ఈటెన్’ లాంటి ప్రెజెంట్ పర్ఫెక్ట్ రూపం మనకు కష్టంగా ఉండటానికి కారణం మన తెలుగు కాదు. ఎవరూ మాట్లాడని తెలుగుతో దాన్ని నేర్పడమే కారణం. మనం రోజూ మాట్లాడే తెలుగు మీదుగా నేర్పితే అది ఒక సాయంత్రంలో అర్థమయ్యే విషయం.

ఇది వ్యాకరణం పిచ్చి ఉన్నవాళ్ల గొడవ కదా, మనకెందుకు అనుకోవద్దు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, సెకండియర్‌లో మాతో చేరింది. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ల్యాబ్‌లో మేం ఇంకా ఎర్రర్ చదువుతుంటే తను ప్రోగ్రామ్ రన్ చేసి చూపించేస్తుంది. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. తను ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిప్లొమా ఇన్ 2024’ అంది. ట్రైనర్ అక్కడే ఆపి ‘ముందు గ్రామర్ ఇంప్రూవ్ చేసుకో’ అన్నారు. ఏది తప్పో చెప్పలేదు, ఎందుకు తప్పో అసలే చెప్పలేదు. ఆ తర్వాత అడిగిన టెక్నికల్ ప్రశ్నలకు తను మాట్లాడింది చాలా తక్కువ.

నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన మాలాంటివాళ్లకు ఆ వాక్యం చెవికి కొంచెం తేడాగా తగులుతుంది. ఎందుకు అని అడిగితే ‘అలా అనరు, అంతే’ అంటాం. చెవికి తెలియడం వేరు, చెప్పగలగడం వేరు. కాబట్టి ఈ విషయంలో ఇంగ్లీష్ మీడియం వాళ్లు తెలుగు మీడియం వాళ్లను చూసి నవ్వడానికి పెద్దగా హక్కు లేదు.

లాగ్ ఫైల్, స్టేట్ వేరియబుల్

మన బ్రాంచి భాషలో చెప్తాను. సింపుల్ పాస్ట్ అనేది లాగ్ ఫైల్‌లో ఒక లైను. పని జరిగింది, దానికి ఒక టైమ్‌స్టాంప్ ఉంది, కథ అక్కడితో అయిపోయింది. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అనేది ఇప్పుడు వేరియబుల్‌లో ఉన్న విలువ. పని ఎప్పుడో జరిగింది, కానీ మనం చూస్తున్నది దాని వల్ల ఇప్పుడు ఉన్న స్థితిని.

‘ది సర్వర్ వెంట్ డౌన్’ అంటే సర్వర్ పడిపోయిన ఘటన చెప్తున్నాం. ఇప్పుడు లేచిందో లేదో ఆ వాక్యం చెప్పదు. ‘ది సర్వర్ హ్యాజ్ గాన్ డౌన్’ అని మెసేజ్ వస్తే, ఇప్పుడూ పడే ఉంది, ఎవరో ఒకరు లేవండి అని అర్థం. ‘ఐ లాస్ట్ మై ఐడీ కార్డ్’ అంటే తర్వాత దొరికి ఉండొచ్చు. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై ఐడీ కార్డ్’ అంటే గేటు దగ్గర సెక్యూరిటీ అన్న ఆపిన క్షణంలో మన పరిస్థితి. ‘యువర్ సెషన్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్’ అని వెబ్‌సైట్ చూపించేది కూడా ఇందుకే. సెషన్ ఎన్ని గంటలకు ముగిసిందన్నది దానికి ముఖ్యం కాదు. ఇప్పుడు మీరు మళ్లీ లాగిన్ అవ్వాలి, అదీ సంగతి.

అందుకే దాని పేరులో ‘ప్రెజెంట్’ ఉంది. జరిగిపోయిన పని గురించి చెప్తున్నట్టు కనిపించినా, అది వర్తమానం వైపు నుంచి మాట్లాడుతుంది.

ఇప్పుడు ఆ డిప్లొమా వాక్యం చూడండి. ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిప్లొమా’ వరకు సరిగ్గా ఉంది. ఇప్పుడు నా దగ్గర డిప్లొమా ఉంది అని అర్థం. చివర ‘ఇన్ 2024’ తగలగానే టైమ్‌స్టాంప్ వచ్చేసింది. అంటే అది లాగ్ లైను అయిపోయింది. స్టేట్ వేరియబుల్‌కి టైమ్‌స్టాంప్ అంటించాం. ఇంగ్లీష్ దానికి ఒప్పుకోదు. ‘హ్యావ్’ తీసేస్తే చాలు, ‘ఐ కంప్లీటెడ్ మై డిప్లొమా ఇన్ 2024’. లేదా సంవత్సరం తీసేస్తే చాలు. పది సెకన్ల పని. ఆ ట్రైనర్ ఈ ముక్క చెప్పి ఉంటే ఒకమ్మాయి మిగతా ఇంటర్వ్యూ అంతా నోరు కట్టేసుకుని కూర్చునేది కాదు.

గుర్తు పెట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. వాక్యంలో ‘ఎప్పుడు?’ అన్న ప్రశ్నకు ముగిసిపోయిన ఒక సమయం జవాబుగా ఉందా? నిన్న, పోయినేడాది, 2024లో, సోమవారం ఉదయం, ఇలా? ఉంటే ‘హ్యావ్’ వద్దు. సమయం ఇంకా ముగియకపోతే ‘హ్యావ్’ బాగా సరిపోతుంది. అటెండెన్స్ లెక్క తీసుకోండి. ‘ఐ మిస్డ్ టెన్ క్లాసెస్ లాస్ట్ సెమిస్టర్’. ఆ సెమ్ మూసేశారు, ఇక చేసేదేం లేదు. ‘ఐ హ్యావ్ మిస్డ్ టెన్ క్లాసెస్ దిస్ సెమిస్టర్’. ఈ సెమ్ ఇంకా నడుస్తోంది, కౌంటర్ ఇంకా పెరగొచ్చు, 75 శాతం భయం ఇంకా బతికే ఉంది. ఒకే పది క్లాసులు, కానీ రెండో వాక్యంలో ఒక భవిష్యత్తు కూడా ఉంది.

లైబ్రరీల డాక్యుమెంటేషన్ చదివేటప్పుడు కూడా ఈ తేడా కనిపిస్తుంది. పైథాన్‌లో ‘డిస్ట్‌యుటిల్స్’ అనే మాడ్యూల్‌ని 3.10 వెర్షన్‌లో డిప్రికేట్ చేశారు, 3.12లో తీసేశారు. ఇలాంటివి రాసేటప్పుడు డిప్రికేట్ అయిన సంగతికి ‘సిన్స్’ వాడతారు, తీసేసిన సంగతికి ‘ఇన్’ వాడతారు. మొదటిది అప్పటి నుంచి కొనసాగిన స్థితి. రెండోది ఒక రోజు జరిగిన ఘటన. రెండు చిన్న పదాల్లో ఆ మాడ్యూల్ కథ మొత్తం ఉంది.

మూడు చుక్కలు

ఈ విషయాన్ని బొమ్మ గీసినంత స్పష్టంగా చెప్పినాయన హన్స్ రైషెన్‌బాఖ్ అనే జర్మన్ తత్వవేత్త. 1947లో వచ్చిన తన తర్కశాస్త్ర పుస్తకంలో, క్రియాకాలాలను అర్థం చేసుకోవడానికి రెండు చుక్కలు చాలవు, మూడు కావాలన్నాడు. ఒకటి మాట్లాడే సమయం. రెండు పని జరిగిన సమయం. మూడోది మనం ఎక్కడ నిలబడి ఆ పనిని చూస్తున్నామో ఆ సమయం. నేను దీన్ని ‘చూపు’ అని పిలుస్తాను.

సింపుల్ పాస్ట్‌లో పని, చూపు రెండూ వెనకాలే ఉంటాయి. మనసు అక్కడికి వెళ్లి చూస్తుంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో పని వెనకాల ఉంటుంది, చూపు మాత్రం మాటతో పాటు ఇక్కడే ఉంటుంది. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ విడివిడిగా ఉంటాయి. మేం స్టేషన్‌కి వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది అనే వాక్యంలో, రైలు కదలడం అన్నిటికంటే ముందు, మేం ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చూడటం తర్వాత, ఇప్పుడు మీకు చెప్పడం ఇంకా తర్వాత. పట్టికలోని పన్నెండు గళ్లు బట్టీ పట్టడం కంటే ఈ మూడు చుక్కలు వేసుకోవడం నాకు సులువుగా అనిపించింది. డేటా స్ట్రక్చర్ చిన్నది, క్వెరీలు ఎక్కువ.

అయితే నిన్న అనే మాటతో ‘హ్యావ్’ రాకూడదు అన్నది తర్కం నుంచి పుట్టిన రూల్ కాదు. జర్మన్‌లో ‘నిన్న ఆ సినిమా చూశాను’ అనడానికి ‘హ్యావ్’కి చుట్టమైన ‘హాబెన్’నే వాడతారు, పక్కన ‘నిన్న’ ఉన్నా తప్పు లేదు. ఫ్రెంచ్‌లోనూ అంతే. ఇంగ్లీష్ మాత్రం ఎందుకు అడ్డం తిరుగుతుంది అని భాషాశాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు. వోల్ఫ్‌గాంగ్ క్లైన్ 1992లో ‘లాంగ్వేజ్’ అనే జర్నల్‌లో రాసిన పేపర్‌కి ‘ది ప్రెజెంట్ పర్ఫెక్ట్ పజిల్’ అనే పేరు పెట్టాడు. ప్రొఫెసర్లకే పజిల్ అయినదాన్ని ఒక స్టూడెంట్ మాక్ ఇంటర్వ్యూలో తడబడితే తెలివితక్కువతనం అనుకోవడం ఎంత న్యాయమో మీరే చెప్పండి.

ఇంకో సంగతి. ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లందరూ కూడా ఒకేలా వాడరు. బ్రిటన్‌లో ‘హ్యావ్ యు ఈటెన్ యెట్?’ అనే చోట అమెరికాలో చాలామంది ‘డిడ్ యు ఈట్ యెట్?’ అనేస్తారు. ‘ఐ జస్ట్ ఏట్’ అక్కడ మామూలు మాట. మనకు బ్రిటిష్ రూల్ పుస్తకంతో ట్రైనింగ్ ఇస్తారు, తీరా ఉద్యోగంలో చేరాక చాలామందికి క్లయింట్ అమెరికావాడే. కాబట్టి ఏది పెద్ద తప్పు, ఏది ఊరి తేడా అన్న విచక్షణ నేర్పేవాళ్లకు ముందు ఉండాలి.

మనకు ‘హ్యావ్’ లేదు, అయినా లోటు లేదు

ఇప్పుడు తెలుగు దగ్గరికి వద్దాం. పట్టికలోని ‘యున్నాను’ ఎందుకు కుదరదో చూడాలంటే ‘హ్యావ్’ పుట్టుక తెలియాలి. పాత ఇంగ్లీష్‌లో ఈ రూపం సొంతం అనే అర్థం నుంచి మొదలైంది. రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది అన్నట్టుగా ‘హ్యావ్’ వాడేవాళ్లు. మెల్లగా అది ఉత్తరం రాశాను అనే అర్థంలోకి మారింది. తెలుగులో ‘హ్యావ్’ అనే క్రియే లేదు. మనం ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అంటాం, ‘నా దగ్గర పెన్ను ఉంది’ అంటాం. మనకు ఉన్నది ‘ఉండు’.

ఆ ‘ఉండు’ కూడా తన పని తను చక్కగా చేస్తుంది, కానీ ఆ పని వేరు. ‘తలుపు తెరిచి ఉంది’, ‘బోర్డు మీద రాసి ఉంది’ అన్నప్పుడు వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్తున్నాం. ‘తాతయ్య కూర్చుని ఉన్నారు’ అంటే ఇంగ్లీష్‌లో ‘ఈజ్ సిట్టింగ్’ అవుతుంది. పట్టికను నమ్ముకున్న పిల్లవాడు దాన్ని ‘హ్యాజ్ సాట్’ అని రాస్తాడు. ‘వచ్చి ఉంటాడు’ అంటే వచ్చాడేమో అనే ఊహ. అది ‘మస్ట్ హ్యావ్ కమ్’. అంటే పట్టిక మనకు రెండు వైపులా నష్టం చేస్తోంది. ఇంగ్లీష్ సరిగ్గా రాదు, పైగా మన ‘ఉండు’ నిజంగా ఏం చేస్తుందో కూడా మనకు కనపడకుండా పోతుంది.

మరి ప్రెజెంట్ పర్ఫెక్ట్ భావం తెలుగులో లేదా? ఎందుకు లేదు? రాత్రి ఫ్యాన్ ఆగిపోగానే హాస్టల్ మొత్తం ‘కరెంట్ పోయింది’ అని అరుస్తుంది. ఎవరూ చరిత్ర చెప్పడం లేదు. ఇప్పుడు చీకట్లో ఉన్నాం అంటున్నారు. ‘నిన్న రాత్రి కరెంట్ పోయింది’ అన్నా క్రియ అదే. రూపం మారలేదు, పక్కనున్న మాట మారింది, చూపు మారింది. రోజూ రాత్రి అమ్మ ఫోన్ చేసి ‘తిన్నావా?’ అంటుంది. ఆ ప్రశ్న జరిగిపోయిన భోజనం గురించి కాదు, ఇప్పుడు నా కడుపు నిండుగా ఉందా లేదా అని. ‘ఇంకా తినలేదమ్మా’ అంటే ‘హ్యావ్ నాట్ ఈటెన్ యెట్’. ‘నిన్న రాత్రి తినలేదు’ అంటే ‘డిడ్ నాట్ ఈట్’. ‘తినలేదు’ ఒక్కటే, ‘ఇంకా’ అనే మాట వచ్చి ఇంగ్లీష్‌లో ‘హ్యావ్’ చేసే పనిలో సగం చేసి పెట్టింది.

తెలుగు ఈ బరువును క్రియ మీద కాకుండా పక్క మాటల మీద పెడుతుంది. ఇప్పుడే, ఇంకా, అప్పుడే, ఎప్పుడైనా, ఇప్పటిదాకా. ఇవి వాక్యంలో ఉన్నాయంటే చాలాసార్లు ఇంగ్లీష్‌లో ‘హ్యావ్’ వస్తుంది. నిన్న, మొన్న, పోయిన, అప్పట్లో, ఇవి ఉన్నాయంటే రాదు. పన్నెండు గళ్ల పట్టికకు బదులు ఈ రెండు లైన్లు ఆరో క్లాసు పిల్లలకు ఇచ్చి చూడండి.

కొన్ని చోట్ల మన భాష ఇంకా సూటిగా ఉంటుంది. ‘హ్యాజ్ గాన్ టు తిరుపతి’, ‘హ్యాజ్ బీన్ టు తిరుపతి’ మధ్య తేడా దగ్గర పెద్ద పెద్దవాళ్లు కూడా ఆగిపోతారు. మొదటిది ‘తిరుపతి వెళ్లాడు’. ఇంకా రాలేదు. రెండోది ‘తిరుపతి వెళ్లొచ్చాడు’. గుండుతో మన ముందే ఉన్నాడు. మన ‘వెళ్లొచ్చాడు’లో వెళ్లడం, రావడం రెండూ ఉన్నాయి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అనే జాతి మనది. ‘బీన్ టు’ అర్థం కావడానికి మనకు ఇంకేం కావాలి?

‘సిన్స్’, ‘ఫర్’ గొడవ చూడండి. ‘ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అని మనం అంటాం. కారణం స్పష్టమే. తెలుగులో ‘రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అంటాం, ‘2024 నుంచి ఇక్కడ ఉంటున్నాను’ అని కూడా అంటాం. రెండు చోట్లా ‘నుంచి’. ఇంగ్లీష్ మొదటిదానికి ‘ఫర్’ అడుగుతుంది, రెండోదానికి ‘సిన్స్’. కానీ మన దగ్గర ఇంకో ప్రత్యయం ఉంది, ‘గా’. ‘రెండేళ్లుగా ఉంటున్నాను’ అనొచ్చు. ‘2024గా ఉంటున్నాను’ అనలేం. కాబట్టి ‘గా’ పెట్టి చూడండి. కుదిరితే ‘ఫర్’, కుదరకపోతే ‘సిన్స్’. ఈ పరీక్ష పెట్టుకోవడానికి ఏ యాప్ అక్కర్లేదు, తెలుగు వచ్చి ఉంటే చాలు. ఆ తర్వాత ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. మనం ‘ఉంటున్నాను’ అనే చోట ఇంగ్లీష్‌లో ‘యామ్ స్టేయింగ్’ కాదు, ‘హ్యావ్ బీన్ స్టేయింగ్’ వస్తుంది. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగినదాన్ని ‘హ్యావ్’ మోసుకొస్తుంది.

అన్నీ అతికినట్టు సరిపోతాయని నేను అనను. ‘తినేశాను’, ‘వచ్చేశాను’ అనే రూపాలు చాలాసార్లు ‘హ్యావ్’కి దగ్గరగా ఉంటాయి, కానీ ‘నిన్ననే తినేశాను’ అని కూడా మనం అనగలం. పైగా ‘వచ్చేశా రా, రెండు నిమిషాలు’ అని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోంచి ఫోన్ చేసే ఫ్రెండ్ మనందరికీ ఉన్నాడు. వాడి ‘వచ్చేశా’ ఇంగ్లీష్‌లో ఏ టెన్సో రైషెన్‌బాఖ్ కూడా చెప్పలేడు.

ఒక గాయకుడు, ఒక సహాయక క్రియ

ఈ రూపం మీద నాకు ఇష్టం కలిగించిన ఉదాహరణ చెప్తాను. ఇంగ్లీష్‌లో ఒక మనిషి గురించి ‘హ్యాజ్’ అనాలంటే సాధారణంగా ఆ మనిషి బతికి ఉండాలి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గురించి 2020 సెప్టెంబర్ 24న రాస్తే ‘హి హ్యాజ్ సంగ్ థౌజండ్స్ ఆఫ్ సాంగ్స్’ అనాలి. ఇంకా పాడొచ్చు, లెక్క ఇంకా తెరిచే ఉంది. మర్నాడు, 25న, ఆయన పోయారు. ఆ తర్వాత అదే వాక్యంలో ‘హ్యాజ్ సంగ్’ పోయి ‘శాంగ్’ వస్తుంది. పాటలు ఒక్కటి కూడా తగ్గలేదు. ఒక చిన్న సహాయక క్రియ మాత్రం రాలిపోయింది.

తెలుగులో మనం అప్పుడూ ‘వేల పాటలు పాడారు’ అన్నాం, ఇప్పుడూ ‘వేల పాటలు పాడారు’ అంటున్నాం. మన క్రియకు ఆ కబురు ఇంకా అందలేదు. ఏ భాష గొప్పది అని నేను అడగడం లేదు. ఇంగ్లీష్ వాక్యం చదివేటప్పుడు ‘హ్యాజ్’ ఉందో లేదో గమనించేవాడికి, పైకి రాయని ఒక విషయం కూడా తెలుస్తుంది అంటున్నాను. అదే ఇంగ్లీష్‌లో ‘హిజ్ సాంగ్స్ హ్యావ్ స్టేయ్డ్ విత్ అజ్’ అని ఇవాళ కూడా రాయొచ్చు. ఎందుకంటే పాటలు ఇంకా మన దగ్గరే ఉన్నాయి.

ఇలాంటి అందం ఉన్నదాన్ని ‘తినియున్నాను, త్రాగియున్నాను’ అని చెప్పి చంపేశాం కదా అని బాధ.

ఏం చేయొచ్చు

నాకు వచ్చే అభ్యంతరాలు రెండు తెలుసు. మొదటిది, ‘అర్థమైతే చాలదా? కోడ్ రాసేవాడికి గ్రామర్ ఎందుకు?’ మాట్లాడేటప్పుడు చాలుతుంది, ఒప్పుకుంటాను. ‘ఐ హ్యావ్ సబ్మిటెడ్ ఎస్టర్‌డే’ అని దేశంలో కోట్లమంది అంటారు, ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. ఇండియన్ ఇంగ్లీష్ అనేది ఒకటుందని, దానికంటూ అలవాట్లు ఉన్నాయని భాషాశాస్త్రవేత్తలు కూడా అంటారు. కానీ చదివేటప్పుడు అలా వదిలేయలేం. రాత్రి రెండింటికి సర్వర్ మెసేజ్ వచ్చినప్పుడు, అది అయిపోయిన సంగతా, ఇప్పుడు నడుస్తున్న సమస్యా అన్నది ‘హ్యాజ్’ చెప్తుంది. కాబట్టి మాట్లాడటంలో తప్పును క్షమించండి, చదవడంలో తేడాను నేర్పండి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దానికి తిరగేసి. మాటలో తప్పు పట్టి నవ్వుతాం, చదివేటప్పుడు తేడా నేర్పం.

రెండో అభ్యంతరం, ‘ఇంగ్లీష్‌ని ఇంగ్లీష్‌లోనే నేర్పాలి, తెలుగు మధ్యలో రాకూడదు’. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసేవాళ్లు, ఆ పద్ధతి నాకు బాగా తెలుసు. దాని వల్ల చెవి అలవాటు పడుతుంది, నిజమే. కానీ దానికి పదిహేనేళ్లు, చాలా ఫీజు కావాలి. ఈసెట్ రాసి వచ్చినవాళ్లకు ప్లేస్‌మెంట్‌కి ముందు ఉన్నది రెండేళ్లు. వాళ్ల దగ్గర అప్పటికే పూర్తిగా పనిచేసే ఒక భాష ఉంది. దాన్ని గేటు బయట వదిలి రమ్మనడం ఏం తెలివి?

అందుకే మన సాహితీ క్లబ్‌కి నాదొక ప్రతిపాదన. ఉగాదికి కవి సమ్మేళనం పెడతాం, పద్యాల పోటీ పెడతాం, బాగుంది. ఈసారి ఇంకో పని కూడా చేద్దాం. ఒకే ఒక పేజీ తయారు చేద్దాం. ఎడమ పక్క మనం నిజంగా మాట్లాడే తెలుగు వాక్యం, కుడి పక్క దానికి సరైన ఇంగ్లీష్ వాక్యం. ‘కరెంట్ పోయింది’, ‘ఇంకా తినలేదు’, ‘తిరుపతి వెళ్లొచ్చాడు’, ‘రెండేళ్లుగా ఉంటున్నాను’, ‘మేం వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది’. ముప్ఫై వాక్యాలు చాలు. ఆ పేజీ మీద ‘యున్నాను’ అనే మాట ఒక్కసారి కూడా ఉండకూడదు. ట్రైనింగ్ క్లాసులకు వెళ్లేముందు సెకండియర్ వాళ్లకు, మన కాలేజీ పక్కనున్న హైస్కూల్ పిల్లలకు అది ఇద్దాం. తెలుగు క్లబ్ ఇంగ్లీష్ నేర్పడమేంటి అని ఎవరైనా అడిగితే, తెలుగు ఎంత పనికొస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదని చెప్దాం.

ఐదు వాక్యాలు పైన ఇచ్చేశాను. మిగిలిన ఇరవై ఐదు మీరు రాయండి. మీ ఊళ్లో, మీ ఇంట్లో ఎలా అంటారో అలాగే రాయండి. ‘తిన్న’ అన్నా సరే, ‘తింటి’ అన్నా సరే.